బీఈడీలో చెప్పిన కన్‌స్ట్రక్టివిజం మా ఆరో తరగతి గుమ్మం దాటట్లేదు

గుణుపురం_కుర్రాడు
బీఈడీ రెండో ఏడాది. కన్‌స్ట్రక్టివిజం అంటే పిల్లలు తామే చేసి చూసి అర్థం చేసుకుంటారన్న సిద్ధాంతం అని చదివాం. ఇంటర్న్‌షిప్‌కి గజపతి జిల్లాలో ఒక ఒడియా మీడియం బడి ఇచ్చారు. ఆంధ్రా బోర్డరుకి ఆనుకునే ఉంటుంది. నాకు ఆరో తరగతి లెక్కలు అప్పగించారు. పిల్లల్లో సగం మంది ఇళ్ళలో తెలుగు, కొందరిది సవర (ఇక్కడి గిరిజనుల భాష), మిగతావాళ్ళది ఒడియా.

మొన్న భిన్నాలు మొదలుపెట్టాను. కాలేజీలో నేర్పినట్టే 5ఈ పద్ధతిలో (ఎంగేజ్, ఎక్స్‌ప్లోర్, ఎక్స్‌ప్లెయిన్, ఎలాబరేట్, ఎవాల్యుయేట్ అనే ఐదు మెట్లు) లెసన్ ప్లాన్ రాసుకుని వెళ్ళాను. రంగు కాగితాలు పట్టీలుగా కోసి గ్రూపులకి పంచాను. మడిచి చూసి 1/2, 2/4 ఒకటేనని వాళ్ళంతట వాళ్ళే కనుక్కోవాలి. వాళ్ళు కనుక్కున్నది ఏంటంటే, ఆ పట్టీలతో వాచీలు, ఉంగరాలు చేసుకోవచ్చని. ఒక గ్రూపు విమానం కూడా చేసింది. సరిగ్గా అది ఎగిరే టైముకి మా సూపర్‌వైజర్ లోపలికొచ్చారు. "తరగతి అదుపులో లేదు" అని రిజిస్టర్‌లో రాసి వెళ్ళిపోయారు.

తర్వాతి పీరియడ్‌లో ఆ బడి మాస్టారు వచ్చి, డస్టర్‌తో టేబుల్ మీద రెండు దెబ్బలేసి, "పైనా కిందా ఒకే అంకెతో గుణించు" అని అందరిచేతా పదే పదే అనిపించారు. బోర్డు మీద లెక్కలిచ్చారు. చాలామంది కరెక్టుగా చేసేశారు.

పుస్తకంలో ఏమో బిహేవియరిజం (బహుమానంతో, అలవాటు చేసి నేర్పడం) అంటే కుక్కలు, పావురాలు, పాతకాలం. కన్‌స్ట్రక్టివిజం అంటే మంచిది. పరీక్షలోనూ అదే రాస్తాం. బడికి వెళ్తే నడిచేదంతా మొదటిదే. రెండోది నిజంగా ఎక్కడైనా పనిచేస్తోందా, లేక జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఎన్‌సీఎఫ్ 2005లో ఉంది కాబట్టి అందరం రాసుకుపోతున్నామా? దీని మీద అసైన్‌మెంట్ కూడా ఇవ్వాలి.

సిరాబుడ్డి
కన్‌స్ట్రక్టివిజం మీద పది మార్కుల జవాబు గైడులోంచి బట్టీ పట్టి పాసైన బ్యాచ్ మాది. మమ్మల్ని అడక్కు.

లెక్కల_మాస్టారు
మీ సూపర్‌వైజర్ రాసింది కాస్త కటువుగా ఉంది గానీ, అసలు సంగతి అక్కడే ఉంది. నేను రిటైరయ్యే దాకా లెక్కలే చెప్పాను. ఆ పిల్లల నెత్తిన ఒక్కసారే ఎన్ని పనులు పెట్టావో చూసుకో. కాగితం సమానంగా మడవాలి. గ్రూపులో కొట్టుకోకుండా ఉండాలి. ఇంట్లో లేని భాషలో నువ్వు చెప్పింది అర్థం చేసుకోవాలి. ఇన్ని చేస్తూ ఒక కొత్త గణిత భావన కనిపెట్టాలి! మనిషి బుర్రలో ఒక్కసారికి పట్టేది చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు. తర్వాతివాళ్ళు అంత కూడా లేదు, నాలుగే అన్నారు. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ దీన్నే పట్టుకుని, కొత్తగా నేర్చుకునేవాడికి ముందు చేసి చూపించిన లెక్కలు ఇవ్వాలి, కనుక్కోమని వదిలెయ్యకూడదు అన్నాడు. 2006లో ఆయన, కిర్ష్‌నర్, క్లార్క్ కలిసి రాసిన వ్యాసం మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

ఎక్కాలు నోటికి రానివాడు భిన్నాల దగ్గర ఎందుకు చతికిలబడతాడు? ఏడెనిమిదులు ఎంత అని వెతుక్కునేలోపు అసలు లెక్క ఏమిటో మర్చిపోతాడు కాబట్టి.

అన్నట్టు, స్వెల్లర్ బిహేవియరిస్టు కాదు. బట్టీ పట్టమన్న ప్రతివాడూ బిహేవియరిస్టే అని రాసి మార్కులు పోగొట్టుకోకు.

మహేంద్రతనయ
మాస్టారూ, అంతవరకు నాకూ పేచీ లేదు. కానీ తమ్ముడూ, ఆ లెక్కలు కరెక్టుగా చేసిన పిల్లల్నే రేపు విడిగా పిలిచి, సగం రొట్టె కావాలా, 2/4 రొట్టె కావాలా అని అడుగు. ఏమన్నారో ఇక్కడ రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.

బరంపురం_బాబాయి
గంట కొట్టి కుక్కలకి నోరూరించిన పావ్‌లోవ్‌ని చూడ్డానికి రష్యా ఎందుకు? మా వీధి బడికి గుడ్డు పెట్టే రోజు మధ్యాహ్నం గంట కొట్టే టైముకి రండి. పిల్లలే కాదు, గేటు బయట కుక్కలు కూడా లైన్లో ఉంటాయి.

నాగావళి
బాబాయ్ 😄 చిన్న సవరణ, పరీక్ష రాసేవాళ్ళ కోసం. పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఈ గంట సంగతికి కాదు. సగం గైడుల్లో తప్పే ఉంటుంది.

ఒట్టిమాట
అప్పట్లో మాకు గోడకుర్చీ వేయించేవారు, తొడపాశం పెట్టేవారు. మా బ్యాచ్‌లో ఎక్కాలు రానివాడు లేడు. దండం దశగుణం భవేత్ అని ఊరికే అన్నారేటి? మీ బిహేవియరిస్టు స్కిన్నరూ అదే కదా చెప్పాడు, తప్పు చేస్తే నాలుగు తగిలించమని.

నాగావళి
@ఒట్టిమాట కాదండీ, తిరగేసి చెప్పాడు. స్కిన్నర్ జీవితాంతం శిక్షకి వ్యతిరేకే. దెబ్బ వల్ల పని కాసేపు ఆగుతుంది తప్ప మారదు, కొట్టినవాడు పక్కకి తప్పుకోగానే మళ్ళీ మొదలవుతుంది, పైగా పిల్లవాడు తప్పించుకోవడం నేర్చుకుంటాడు అన్నాడు. ఆయన పావురాలకి గింజలు పెట్టాడు, బెత్తం చూపించలేదు. మన బడుల్లో బెత్తం ఆయన కంటే చాలా ముందు నుంచే ఉంది. దాన్ని ఆయన ఖాతాలో వెయ్యకండి. ఇప్పుడైతే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమూ నిషేధమే, తిట్టి కించపరచడమూ నిషేధమే.

ఒట్టిమాట
మరి ఎక్కాలు ఎలా వచ్చేయి మాకు?

మహేంద్రతనయ
రోజూ సాయంత్రం గుంపుగా నిలబడి అప్పజెప్పేవారు కదండీ, అందుకు. దెబ్బలు తీసేసినా వచ్చేవి. ఎక్కాలు రానివాళ్ళు మీ బ్యాచ్‌లో లేకపోవడానికి ఇంకో కారణం, వాళ్ళు బడి మానేసి ఉంటారు.

సిరాబుడ్డి
అమ్మో. గట్టిగా తగిలింది.

టెట్_మళ్ళీ_రాస్తున్నా
ఇదే సందులో ఒక డౌటు. నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్షే కదా? రెండిటికీ తేడా ఏంటి? ప్రతిసారీ ఆ బిట్టు దగ్గరే పోతోంది.

బరంపురం_బాబాయి
సాయంత్రం నేను కూరగాయలు తెచ్చేదాకా మా ఆవిడ సణుగుతూనే ఉంటుంది. సంచీ కింద పెట్టగానే సణుగుడు బంద్. ఆ సణుగుడు ఆగడం కోసం రేపు ఆవిడ అడక్కముందే సంచీ పట్టుకుని వెళ్తాను. ఇబ్బంది పోవడం వల్ల పని పెరిగింది. అది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. పుచ్చు వంకాయలు తెచ్చినందుకు ఆ రోజు కాఫీ కట్. అది శిక్ష. ఇక పోదు ఆ బిట్టు.

టెట్_మళ్ళీ_రాస్తున్నా
🙏🙏 గైడు పారేస్తున్నా.

రాయగడ_అమ్మ
నేను టీచర్ని కాదు, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బాబు రెండో తరగతి. ఊహ తెలిసినప్పట్నుంచీ బొమ్మల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు. వాళ్ళ బడిలో పుస్తకానికో స్టార్, పది స్టార్లకి ఒక పెన్సిలు అని పెట్టారు. మొదట్లో తెగ చదివాడు, నాకూ సంతోషమే. తర్వాత గమనిస్తే లైబ్రరీ నుంచి అన్నీ పల్చటి పుస్తకాలే ఏరుకొస్తున్నాడు. పేజీలు టకటకా తిప్పేసి "అయిపోయింది, సంతకం పెట్టు" అంటాడు. కథేంటి అంటే తెలీదు. ఎండాకాలం సెలవుల్లో స్టార్లు లేవు, చదవడమూ లేదు. ఇది బిహేవియరిజం పనిచేసినట్టా, చెడిపోయినట్టా?

నాగావళి
పనిచేసినట్టే. మీరు చదివితే స్టార్ అనుకున్నారు. పేజీలు తిప్పి సంతకం తెచ్చుకుంటే స్టార్ అని వాడికి అర్థమైంది. దేనికి బహుమానం ఇస్తే అదే పెరుగుతుంది.

మహేంద్రతనయ
రాయగడ అక్కా, అచ్చం మీ బాబు సంగతే 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసి చూశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు గియ్యడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. ఒక గుంపుకి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. ఇంకో గుంపుకి ముందు చెప్పకుండా గీశాక ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. కొన్నాళ్ళాగి పెన్నులు మళ్ళీ బల్ల మీద పెట్టి ఊరికే వదిలేస్తే, ముందే ఆశ చూపించిన గుంపు వాటి జోలికి వెళ్ళడం మిగతావాళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి ఏమీ కాలేదు. స్టార్ల చార్టు వంటింట్లోకి రానివ్వకండి. రాత్రి మీరే ఒక కథ సగం చదివి ఆపేయండి చాలు.

లెక్కల_మాస్టారు
అది ఇష్టం ఉన్న పనికి. వాళ్ళు ఏరుకున్నదే ఇష్టమున్న పిల్లల్ని. అసలు ఇష్టమే లేని పనికి, అంటే పదమూడో ఎక్కానికి, మొదట్లో ఒక స్టార్ ఇస్తే కొంప మునగదు. రుచి తెలిసేదాకా ఇచ్చి, మెల్లగా తీసెయ్యాలి. ఆ తీసెయ్యడమే ఎవరికీ గుర్తుండదు.

గుణుపురం_కుర్రాడు
మేడమ్, మీరు చెప్పినట్టే అడిగాను. బోర్డు మీద లెక్కలన్నీ కరెక్టుగా చేసిన పిల్లాడు "2/4 రొట్టె" అన్నాడు. ఎందుకురా అంటే "అంకెలు పెద్దవి కదా సార్" అన్నాడు. 1/2 = 2/4 అని వాడి నోట్‌బుక్‌లో వాడి చేత్తోనే రాసి ఉంది, పక్కన టిక్కు కూడా ఉంది.

ఇంకో నలుగుర్ని అడిగితే ముగ్గురిదీ అదే జవాబు.

మహేంద్రతనయ
చూశావా. ప్రవర్తన వచ్చింది, భావన రాలేదు. ఆ టిక్కు చూసి మనం ముందుకెళ్ళిపోతాం, ఎనిమిదిలో బీజగణితం దగ్గర మొత్తం బయటపడుతుంది.

నాగావళి
ఇంకొకటి. ఆ విమానం చేసిన గ్రూపు ఏమీ నేర్చుకోలేదని మనకెలా తెలుసు? టోల్‌మన్, హాంజిక్ 1930లో ఎలకల్ని చిక్కుదారిలో వదిలారు. ఒక గుంపుకి పది రోజులు దారి చివర తిండి పెట్టలేదు, ఊరికే తిరిగాయి. పదకొండో రోజు చివర్లో తిండి పెట్టారు. ఆ మర్నాటికే అవి మొదట్నుంచీ తిండి తింటున్న ఎలకలతో సమానంగా పరిగెత్తాయి. తిరిగినన్నాళ్ళూ దారి తెలుసుకుంటూనే ఉన్నాయి, చూపించే అవసరం రాలేదంతే. టోల్‌మన్ కూడా తనని బిహేవియరిస్టుననే చెప్పుకున్నాడు. ఆ గ్రూపుని కూడా అడిగి చూడు.

గుణుపురం_కుర్రాడు
అడిగాను. ఒక పిల్ల విమానం విప్పి మడత గీతలు చూపించి "ఇది సగం, ఇందులో రెండు ముక్కలున్నాయి" అని చెప్పింది. మిగతా ముగ్గురూ విమానం చింపేసినందుకు దాని మీద గొడవకి దిగారు.

సిరాబుడ్డి
వాళ్ళది న్యాయమైన గొడవ.

కాశీనగర్_సంత
మాది వ్యాపారం, చదువు తక్కువే, అయినా ఒకటి చెప్తాను. మా సంతలో చింతపండు అమ్మే ఒక సవరావిడ కూతురు ఆరో ఏడో చదువుతోంది. నేను 135 రూపాయల సరుకు తీసుకుని 200 ఇచ్చాను. అది నోట్లో గొణుక్కుంటూ, ఐదు నా చేతిలో పెట్టి "140", పది పెట్టి "150", యాభై పెట్టి "200" అంది. ఒక్క క్షణం పట్టలేదు. సరదాకి నా బిల్లు పుస్తకం వెనక 200 లోంచి 135 తీసెయ్యమని రాసిచ్చాను. అది నిలువుగా వేసుకుని జవాబు 135 అని రాసింది!! ఎలాగో అడిగితే, సున్నాలోంచి ఐదు పోదు కాబట్టి ఐదులోంచే సున్నా తీసిందట. ఐదు. మూడులోంచి సున్నా, మూడు. రెండులోంచి ఒకటి, ఒకటి. "మరి నాకు ఇందాక అరవై ఐదే ఇచ్చావే" అంటే, "అది డబ్బులు కదా బాబూ, ఇది లెక్క" అంది.

మహేంద్రతనయ
ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ మొదలుపెట్టినందుకు థ్యాంక్స్. బ్రెజిల్‌లో రెసిఫే అనే ఊళ్ళో వీధుల్లో కొబ్బరికాయలు, అవీ ఇవీ అమ్మే పిల్లల మీద 1985లో ఇదే చేశారు. వీధిలో బేరం మధ్య అడిగితే 98 శాతం కరెక్టు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతం. ఆ పిల్ల దగ్గర లెక్క లేక కాదు, బడి దాన్ని ఎప్పుడూ అడగలేదు. పియాజే, బ్రూనర్ లాంటి కన్‌స్ట్రక్టివిస్టులు చెప్పిందంతా ఇదే. పిల్లవాడు ఖాళీ చేతులతో రాడు.

లెక్కల_మాస్టారు
ఆ అధ్యయనంలో ఉన్నది ఐదుగురు పిల్లలు. అది కూడా చెప్పాలి. పైగా ఆ పిల్ల సంత పద్ధతి 200 దాకా బాగానే నడుస్తుంది. 7/12 లోంచి 3/8 తియ్యమంటే సంతలో ఎవరిస్తారు చిల్లర? ఒక చోట నుంచి బడి పద్ధతి నేర్పి తీరాలి.

కాదనడం లేదు. ఐదు, పది, యాభై అని ఆవిడ కూతురు ఎక్కిన మెట్లు నంబర్ లైన్ మీద గీసి, దాని పక్కనే నిలువు తీసివేత వేసి, రెండు జవాబులూ ఎందుకు కలవలేదో దాన్నే అడిగితే సరిపోయేది. నా దగ్గర చదివినవాళ్ళు చాలామంది ఆ 135 రాసే ఉంటారు. నేను ఇంటూ కొట్టి పక్కన పెట్టి ఉంటాను.

మహేంద్రతనయ
మాస్టారూ, మీరు ఇప్పుడు చెప్పిన దాన్నే కన్‌స్ట్రక్టివిజం అంటారు.

లెక్కల_మాస్టారు
దాన్ని పాఠం చెప్పడం అంటారమ్మా.

ఒకటో_క్లాసు_టీచర్
మీరంతా ఆరో తరగతి దగ్గర ఉన్నారు. నేను పర్లాకిమిడి దగ్గర ఒకటో తరగతికి అక్షరాలు చెప్తాను. పియాజే నాకు రోజూ కనిపిస్తాడు. ఒక తెలుగింటి పిల్లాడికి వాళ్ళమ్మ ముందే తెలుగు అక్షరాలు దిద్దించి పంపింది. ఒడియాలో ఠ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి తెలుసు, నిండు సున్నా. బోర్డు మీద ఒడియాలో "పాఠ" అని రాసి చదవమంటే వాడు "పాం" అని చదివి, పక్కవాడితో "పాము అని రాసింది టీచరు, ము మర్చిపోయింది" అని చెప్పాడు. కొత్తదాన్ని పాత పెట్టెలో పడేశాడు. సాంశీకరణం అని పరీక్షలో రాసేది ఇదే. ఇది పాత పెట్టెలో పట్టదు, కొత్త పెట్టె కావాలి అని తెలిసిన రోజున అనుగుణ్యం.

కానీ ఆ కొత్త పెట్టె ఎలా వస్తుంది? నేను చెప్తే రాలేదు. వాడంతట వాడు కనుక్కుంటాడని కూర్చున్నా రాదు, ఎందుకంటే ఒక గుండ్రటి గీతకి ఠ అనే పేరు ఎవరో పెట్టింది. అది ఆలోచిస్తే తెలిసేది కాదు, చెప్తేనే తెలిసేది. ఠ ఉన్న మాటలు రోజూ చదివించాను, ఇసకలో దిద్దించాను, కరెక్టుగా చదివినప్పుడల్లా భేష్ అన్నాను. అచ్చం స్కిన్నరే. అక్షరాలకి డ్రిల్లు తప్పదు. 2/4 ఎందుకు సగమో మాత్రం డ్రిల్లుతో రాదు. రెండూ ఒకే రకం చదువు అనుకుని కొట్టుకుంటున్నాం.

సిరోంచ_పటేల్
మా దిక్కు గూడ గిదే కథ. గడ్చిరోలి జిల్లా, ఇంట్ల తెలుగు, బళ్ళె మరాఠీ. ఒకటో తరగతి పిల్లగాడు కొన్ని నెలలు నోరే తెరవడు. సారేమో "మందబుద్ధి" అంటడు. ఇంటికొచ్చి చూస్తే వాడే అందరికంటె వాగుడుకాయ. వానికి పాఠం రాకనా, పాఠం చెప్పే భాష రాకనా? ఏ సిద్ధాంతమైనా గా పిల్లగాని చెవికి ఎక్కినంక గదా.

మహేంద్రతనయ
పటేల్ గారూ, నూటికి నూరు పాళ్ళు. జిమ్ కమిన్స్ కెనడాలో వలస పిల్లల్ని చూసి చెప్పింది ఇదే. ఆటస్థలంలో మాట్లాడే భాష రెండేళ్ళలో వచ్చేస్తుంది, పాఠం చదివి అర్థం చేసుకునే భాషకి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. మనవాడు ఒడియాలో గోలీలాడుతున్నాడు కదా అని ఒడియాలో భిన్నాలు అర్థమైపోతాయని అనుకుంటాం. ఇంటి భాషలో ఒకసారి పట్టిన భావన, రెండో భాష తగినంత పరిచయమైతే దాంట్లోకి కూడా వస్తుంది అని కూడా ఆయనే అన్నాడు. గుణుపురం తమ్ముడూ, నీ గ్రూపులు ఎలా చేశావు, రోల్ నంబర్ల ప్రకారమేనా?

గుణుపురం_కుర్రాడు
అవును. ఒక్కో గ్రూపులో మూడు భాషలూ ఉన్నాయి. "వాచీ" అనే మాట మాత్రం అందరికీ అర్థమైంది 🙂

పర్లాకిమిడి_పాతకాపు
భాష సంగతి వచ్చింది కాబట్టి మా ఊరి గొప్ప చెప్పుకోకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి గారు 1880లో మా ఊరి రాజావారి బడిలోనే టీచరుగా చేరారు. వ్యావహారిక భాష ఉద్యమం అందరికీ తెలుసు, ఆగస్టు 29న దండలు వేస్తారు. అంతకుముందే సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్నారు, వాళ్ళకి వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి, పిల్లల చదువులో భాష ఎంత ముఖ్యమో చెప్పిన రష్యా మనస్తత్వవేత్త వైగోట్స్కీ పోయి నాలుగేళ్ళు, ఆయన పేరు ఇక్కడెవరికీ తెలీదు. మన బీఈడీ పుస్తకంలో స్విట్జర్లాండ్ ఉంది, రష్యా ఉంది, అమెరికా ఉంది. మా మహేంద్రతనయ నది గట్టున ఆ పని చేసినాయన లేడు.

లెక్కల_మాస్టారు
ఇది మాత్రం నిజం.

బరంపురం_బాబాయి
స్కిన్నర్‌ని అక్షరాల దాకా ఒప్పుకుంటాను, మాటల దగ్గర ఒప్పుకోను. మా మనవరాలికి మూడేళ్ళు. "మన వీధిలో ఎన్ని ఇల్లులున్నాయి తాతా" అంటుంది. మా ఇంట్లో ఎవరైనా ఇల్లులు అంటారా? "ఇళ్ళు" అనే అంటాం. వినని మాట, ఎవరూ మెచ్చుకోని మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లులు, బల్లులు విని తనే ఒక రూలు తయారు చేసుకుంది. 1957లో స్కిన్నర్ భాష అంతా అలవాటే అని పుస్తకం రాస్తే, 1959లో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ సమీక్ష రాసి ఉతికి ఆరేసింది ఇలాంటి వాటి మీదే.

వంశధార
పియాజే గ్లాసుల ప్రయోగం మా మనవడి మీద చేశాను. రెండు పొట్టి గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి అడిగితే "అంతే ఉంది" అన్నాడు. ఒక గ్లాసులోది పొడుగు గ్లాసులోకి పోసి "ఇప్పుడు ఎక్కువుందా, అంతే ఉందా" అంటే "ఎక్కువుంది" అన్నాడు. పుస్తకంలో ఉన్నట్టే. తర్వాత మెల్లగా వచ్చి, "అంతే ఉందని ముందే చెప్పాను కదా, మళ్ళీ ఎందుకడిగావు? తప్పు చెప్పాననుకున్నా" అన్నాడు. ఇప్పుడు ఎవరిది తప్పు, వాడిదా పియాజేదా?

నాగావళి
మీ మనవడికి ఒక రీసెర్చి పేపరు బాకీ ఉన్నాం. మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ 1974లో సరిగ్గా ఈ అనుమానంతోనే వరసల్లో పెట్టిన బిళ్ళల్ని పెద్దవాళ్ళు కాకుండా ఒక "అల్లరి టెడ్డీ" వచ్చి చెదరగొట్టినట్టు చేశారు. అప్పుడు "అంతే ఉన్నాయి" అన్న పిల్లలు బాగా పెరిగారు. పెద్దవాళ్ళు కావాలని మార్చి, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే జవాబు మార్చమంటున్నారని పిల్లలు అనుకుంటారు. మన తరగతుల్లో కూడా అంతే, టీచర్ "మళ్ళీ చెప్పు" అంటే చాలు, కరెక్టు జవాబు చెప్పినవాడు కూడా మార్చేస్తాడు.

ఒట్టిమాట
ఇదైతే నిజమే. నేను బోర్డు దగ్గర ఎన్నిసార్లు మార్చేనో.

రీల్స్_రాజా
స్కిన్నర్ పాతబడ్డాడన్నవాళ్ళు ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ఎన్నో రీలు బాగుంటుందో ముందు తెలీదు, అందుకే వేలు ఆగదు. పావురాలకి గింజ ఎప్పుడు పడుతుందో తెలీకుండా చేసిందీ అదే.

గుణుపురం_కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. రేపటి పాఠం ఇలా అనుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. పట్టీలు ఉంటాయి, కానీ ఒక్కొక్కరికి ఒక్కటే. మడవడం నేనే ముందు చేసి చూపిస్తాను. కూర్చోబెట్టడం ఇంటి భాష ప్రకారం. సవర పిల్లలు ముగ్గురిలో ఒకమ్మాయికి ఒడియా బాగా వచ్చు, తను మిగతా ఇద్దరికీ చెప్తుంది. మొదటి ప్రశ్న కాశీనగర్ బాబాయి గారి సంత నుంచి: అరకిలో చింతపండు, రెండు పావుకిలోలు, ఏది ఎక్కువ? సూత్రం చివర్లో. ఎక్కాలు మాత్రం పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు, మాస్టారి కోసం.

లెక్కల_మాస్టారు
నా కోసం కాదు, వాళ్ళ కోసం. మిగతాది బాగుంది. 2/4 అయ్యాక వెంటనే 3/6 అడుగు. అక్కడ తెలుస్తుంది పట్టిందో లేదో.

మహేంద్రతనయ
ఒడియా వచ్చిన ఆ అమ్మాయి మీదే భారమంతా వెయ్యకు. సామీప్య వికాస మండలం (తెలిసినవాళ్ళ సాయంతో పిల్లవాడు అందుకోగల మేర) అని చెప్పి, తెలివైన పిల్లల చేత జీతం లేని టీచర్ ఉద్యోగం చేయించడం మనకి అలవాటైపోయింది. మధ్యలో దాన్నీ ఒక కష్టమైన లెక్క అడుగు.

గుణుపురం_కుర్రాడు
సరే మేడమ్. ఒక్కటే టెన్షన్. సూపర్‌వైజర్ ఈ వారం మళ్ళీ వస్తారు. ప్లాన్ 5ఈ ఫార్మాట్‌లోనే ఉండాలంటారు. నేను ముందు చేసి చూపించేది ఏ "ఈ" కింద రాయాలి?

ఒకటో_క్లాసు_టీచర్
ఎలాబరేట్ కింద రాసెయ్. నాలుగో గడి దాకా ఆయన చదవరు.

సిరాబుడ్డి
విమానం చేసిన పిల్లల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టు. వెనకైతే ఎగరడానికి స్థలం ఎక్కువ.